ముందు వారి మాట అప్పజెప్పండి

పంతులమ్మ గారు పోయారు. మొన్న పొద్దున్నే పక్కింటి మామ్మగారు గోడ మీంచి పిలిచి "మీ ఊరి నుంచి ఫోనమ్మా" అంటే, చేతిలో అట్లకాడ అలాగే పట్టుకుని పరిగెత్తాను. మా తమ్ముడు. "అక్కా, పంతులమ్మ గారు రాత్రి నిద్రలోనే వెళ్ళిపోయారు. మధ్యాహ్నం దాటాక తీసుకెళతారట, నువ్వొస్తావా?" అన్నాడు. స్టవ్వు ఆపేసి, ఉన్న చీరతోనే బయలుదేరాను.

రాజమండ్రి బస్టాండులో మండపేట బస్సు ఎక్కేదాకా నాకు ఏడుపు రాలేదు. కిటికీ పక్కన చోటు దొరికాక వచ్చింది. పక్క సీట్లో ఉన్నావిడ "ఎవరికేమైందండీ?" అని అడిగింది. చుట్టం కాదు. మూడో తరగతిలో ఎక్కాలు నేర్పినావిడ అని చెబితే, ఇంత ఏడుపా అనుకుంటుంది. "మా ఊరావిడండి" అన్నాను. ఆవిడ తల ఊపింది కానీ ఆ జవాబు నాకే చాలలేదు. చాలని ఆ మాటని పూర్తి చేయడానికే ఇది రాస్తున్నాను.

మా ఊరు మండపేట వెళ్ళే దారిలో కాలవ గట్టున ఉంటుంది. ఒక పక్క కాలవ, ఒక పక్క కొట్లు, మధ్యలో రోడ్డు. కొట్ల వెనక రైసు మిల్లులు. పంతులమ్మ గారు అక్కడి ఎలిమెంటరీ స్కూల్లో మూడో తరగతి చెప్పి, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. అంటే మా ఊళ్ళో మీసాలున్న మగవాళ్ళలో చాలామంది ఒకప్పుడు ఆవిడ ముందు చేతులు కట్టుకుని పాఠం అప్పజెప్పినవాళ్ళే. రిటైరయ్యాక కూడా బజార్లో కనిపిస్తే "ఒరేయ్, బొజ్జ పెరిగిందేంరా" అని నడిరోడ్డు మీద పలకరించేవారు. వాళ్ళు సిగ్గుపడుతూ సైకిలు దిగేవారు. కానీ అదే మనిషి ఆవిడ పెట్టే ఊరి మీటింగులో ఎదురుగా కూర్చుంటే "ఒరేయ్" మాయమైపోయేది. కూరగాయల బండి తోసేవాడైనా, మిల్లు ఓనరైనా "మీరు" అనీ, "గారు" అనీ పిలిచేవారు. ఒకాయన బతిమాలుకున్నాడు కూడా, "మీరు నన్ను గారు అంటే నాకు మాట పెగలటం లేదండి టీచరు గారూ" అని. "అలవాటు చేసుకోండి. ఇక్కడ మీకూ ప్రెసిడెంటు గారికీ ఒకటే పీట" అన్నారావిడ.

ఆవిడ పెట్టిన మీటింగుల గురించి పేపర్లో ఎప్పుడూ రాలేదు. రావలసినంత పెద్ద విషయాలూ కావు. మా బజారు రోడ్డు సంగతి ఒక్కటి చెబుతాను. అది మా ఇంటి సంగతి కూడా.

నేను ఇంటర్ చదువుతున్న రోజుల్లో లారీలు ఎక్కువైపోయాయి. రెండు పంటల వడ్లూ మా రోడ్డు మీదుగానే మిల్లులకి వచ్చేవి. మలుపు దగ్గర, సరిగ్గా మా నాన్నగారి కిరాణా కొట్టు ముందు, రోడ్డు మరీ ఇరుకు. రోడ్డు వెడల్పు చేయడానికి పైనుంచి ఇంజనీరు గారు వచ్చారు. పంచాయతీ ఆఫీసులో మీటింగు పెట్టారు. ఆయనకి పెసరట్లు, కాఫీ, బుట్టెడు అరటిపళ్ళు ఏర్పాటు చేసింది ఎవరనుకున్నారు, ఆ రోడ్డు కింద పోబోయే కొట్లవాళ్ళే. బజారు పొడవునా కొట్ల ముందు భాగాలు తీయాల్సి వస్తుందని ఆయన చెప్పి, "ఎవరికైనా అభ్యంతరం ఉందాండి?" అని అడిగారు. మా గోదావరి వాళ్ళం కదా, ఇంటికొచ్చిన మనిషికి ఎదురుగా కాదని ఎలా చెప్పడం? అందరూ నేల చూశారు. మా నాన్నగారు లేచి, "మీరు పెద్దలు. మీకు తెలియంది ఏముందండి" అన్నారు. అభ్యంతరం లేదని ఇంజనీరు గారు రాసుకుని వెళ్ళిపోయారు. ఆయన తప్పేముంది?

నాన్నగారు ఇంటికొచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా రాత్రి భోజనాల దాకా ఆయన్ని తిట్టారు.

తర్వాత కొన్నాళ్ళకి కొట్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. మా కొట్లో ఆ గుర్తు కాటా వేలాడే చోటుకి కూడా వెనకాల పడింది. అంటే అరుగు పోతుంది, కాటా పోతుంది, పప్పుల బస్తాలు పెట్టే వరస పోతుంది. మిగిలేది మంచం పట్టేంత గది. మాకు పొలం లేదు, పుట్ర లేదు. ఆ కొట్టే అన్నం. నాన్నగారికి నిద్ర పట్టడం మానేసింది.

ఇక బజారంతా రెండుగా చీలిపోయింది. రిక్షావాళ్ళు, మిల్లు కూలీలు, స్కూలుకి పిల్లల్ని పంపేవాళ్ళు రోడ్డు కావాలన్నారు. కొట్లవాళ్ళు వద్దన్నారు. ఉప్పు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా మొహం పక్కకి పెట్టుకుని డబ్బులు గల్లాపెట్టె మీద పడేసి పోయేవారు. పంచాయతీ ప్రెసిడెంటు గారికి ఇటు చూస్తే ఓట్లు, అటు చూస్తే ఓట్లు. ఆయన పంతులమ్మ గారింటికి వెళ్ళారు. ఆవిడ పెరట్లో తోటకూర మడికి నీళ్ళు పెడుతున్నారు. తోటకూర కోసం అమ్మ పంపితే నేనూ అక్కడే ఉన్నాను.

"మీ మాటైతే వింటారండి. కాస్త నచ్చజెప్పండి" అన్నారు ప్రెసిడెంటు గారు.

"నచ్చజెప్పడం నాకు చేతకాదండి. ఏది మంచిదో నాకే తెలియందే, ఏం నచ్చజెప్పను? ఒకళ్ళ మాట ఒకళ్ళు వినేట్టు కూర్చోబెట్టమంటే కూర్చోబెడతాను. కానీ వాళ్ళు తేల్చుకున్నది మీరు తీర్మానం చేసి పైకి పంపాలి. అది కుదరదంటే ఇప్పుడే చెప్పండి, నా తోటకూర నేను చూసుకుంటాను."

ఆయన కాసేపు కండువా సర్దుకుని, పంపుతానన్నారు. వెళ్ళబోతుంటే "మాట తప్పితే మీ మూడో తరగతి మార్కులు అందరికీ చెబుతాను" అన్నారావిడ. ఆయన నవ్వారు కానీ అంత ధైర్యంగా నవ్వలేదు.

మీటింగు పంచాయతీ ఆఫీసులో వద్దన్నారు. అక్కడ కుర్చీలుంటాయి, కుర్చీల్లో ఎవరు కూర్చుంటారో ఊరందరికీ తెలుసు. గుడి ముందూ వద్దన్నారు, అక్కడికి కొందరు రావడానికి వెనకాడతారు. చివరికి మిల్లులో వడ్లు ఎండబెట్టే సిమెంటు కళ్ళం ఖాయం చేశారు. అందరూ గోనెపట్టాల మీదే కూర్చోవాలి. ఇస్త్రీ పంచెలు కట్టుకొచ్చిన షావుకార్లు ఊక దులుపుకుంటూ ఆవిడ వైపు గుర్రుగా చూడటం నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది.

అంతకు ముందు వారమంతా ఆవిడ గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరిగారు. పెద్దవాళ్ళ ఇళ్ళకి కాదు, మీటింగులంటే రానివాళ్ళ ఇళ్ళకి. "వచ్చి ఏం మాట్లాడతామండి" అన్నవాళ్ళతో "మాట్లాడొద్దు, వచ్చి కూర్చోండి చాలు" అనేవారు. కూర్చున్న మనిషికి ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడబుద్ధి అవుతుందని ఆవిడ నమ్మకం.

మీటింగుకి ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. లేచిన మనిషి, తనకి ముందు మాట్లాడినవాళ్ళు ఏం చెప్పారో అప్పజెప్పాలి. అలా అప్పజెప్పింది సరిగ్గా ఉందని ఆ ముందు మనిషి ఒప్పుకోవాలి. అప్పుడే తన మాట మొదలుపెట్టాలి. మూడో తరగతి పిల్లల చేత పాఠం అప్పజెప్పించుకున్నట్టే పెద్దవాళ్ళ చేతా అప్పజెప్పించుకున్నారు. మొదట్లో అందరికీ నవ్వొచ్చింది. మిల్లు ఓనరు గారు "ఇదేం పంతులమ్మ గారూ, మా చేత మళ్ళీ నిక్కర్లు వేయించేస్తున్నారు" అన్నారు. తీరా ఆయన వంతు వచ్చేసరికి, ముందు మాట్లాడిన రిక్షా ఆయన చెప్పిందాంట్లో ఒక్క ముక్క కూడా చెప్పలేకపోయారు. ఆయన చెబుతున్నంతసేపూ ఈయన తన జవాబు తయారు చేసుకుంటున్నారు మరి. రిక్షా ఆయన పాపం మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సొచ్చింది. ఈసారి కళ్ళమంతా విన్నది.

ఆవిడ మాత్రం ఏమీ మాట్లాడేవారు కాదు. బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని కూర్చునేవారు. గొంతుకి మంచిదని అందరం అనుకునేవాళ్ళం. ఒకసారి నేనడిగితే అసలు సంగతి చెప్పారు. "అది నోట్లో ఉంటే మాట్లాడబుద్ధి కాదే. లేకపోతే నేనే అందరికీ పాఠం చెప్పేస్తాను. నలభై మంది పిల్లల మీద అరిచిన నోరిది, ఊరుకుంటుందా?"

రెండో మీటింగులో నాన్నగారు లేచారు. బాగా మాట్లాడగలరాయన. తనకి ఆ కొట్టు తప్ప ఇంకేం లేదని, ముందు భాగం పోతే కాటా పెట్టుకునే చోటుండదని, బేరాలు పోతాయని, ఈ వయసులో తను ఇంకో పని నేర్చుకోలేనని చెప్పారు. చెప్పి దర్జాగా కూర్చున్నారు. తర్వాత లేచింది సత్తెమ్మ. ఆ మిల్లులోనే వడ్లు ఎగబోసే మనిషి. ఆమె భర్త రిక్షా తొక్కేవాడు, అంతకు ముందు ఏడాది మా కొట్టు ముందే లారీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. ఆ రోజు నాన్నగారే పరిగెత్తి వెళ్ళి అతన్ని లేవనెత్తి, జట్కా మాట్లాడి ఆసుపత్రికి పంపారు. ఆ విషయం ఊరందరికీ తెలుసు.

సత్తెమ్మ ముందు నాన్నగారి మాట అప్పజెప్పింది. "శెట్టిగారికి ఆ కొట్టు తప్ప ఇంకేం లేదంటండి. అరుగు పోతే కాటా ఎక్కడెట్టుకుంటారండి. ఇప్పుడెళ్ళి కొత్త పనేం నేర్చుకుంటారండి." నాన్నగారు సరిగ్గా ఉందన్నట్టు తల ఊపారు. అప్పుడామె తన మాట మొదలుపెట్టింది.

"మా ఆయనకి ఆ యేళ లారీ ఎదురొచ్చిందండి. ఒక పక్క కాలవ, ఒక పక్క శెట్టిగారి అరుగు. కాలవేపు తిప్పేస్తే ఆయన దూకేసేవోడండి, ఈతొచ్చు. రిచ్చాలో పిల్లలున్నారండి, బళ్ళోకెళ్ళే పిల్లలు. ఆళ్ళకి ఈత రాదు కదండి. అంచేత అరుగేపు తిప్పాడండి. కాలు లారీకీ అరుగుకీ మజ్జన పడిపోయింది. రోడ్డు ఎడల్పుంటే బావుణ్ణండి. అంతేనండి."

జవాబు చెప్పడానికి నాన్నగారు లేచారు. ముందు ఆమె మాట అప్పజెప్పాలి కదా. "వాళ్ళాయనకి మా కొట్టు దగ్గర యాక్సిడెంటు అయిందంటున్నారు. రోడ్డు వెడల్పు చేయాలంటున్నారు" అని గబగబా అనేసి, తన మాటలోకి వెళ్ళబోయారు.

"ఆగండి శెట్టిగారూ" అని పంతులమ్మ గారు సత్తెమ్మ వైపు తిరిగారు. "సత్తెమ్మ గారూ, మీరు చెప్పింది ఇంతేనాండి?"

"అంతేలెండి" అంది సత్తెమ్మ.

పంతులమ్మ గారు బుగ్గలోంచి కరక్కాయ తీసి కొంగున కట్టుకున్నారు. "మొహమాటం పెళ్ళిళ్ళలో పడదాం. ఇక్కడొద్దు. ఇంతేనాండి?"

సత్తెమ్మ పైట చెంగు నలుపుతూ నిలబడింది. "కాలవేపు ఎందుకు తిప్పలేదో శెట్టిగారు చెప్పలేదండి" అంది చివరికి.

"శెట్టిగారూ, మళ్ళీ అప్పజెప్పండి."

నాన్నగారు మళ్ళీ మొదలుపెట్టారు. లారీ వచ్చిందన్నారు. ఒక పక్క కాలవ అన్నారు, ఒక పక్క మా అరుగు అన్నారు. "అతనికి ఈత వచ్చు. పిల్లలకి రాదు. అందుకని..." అని ఆగిపోయారు. ఆ రోజు కాలు పట్టుకుని రక్తం ఆగడానికి గుడ్డ చుట్టిన మనిషాయన. కానీ అతను అరుగు వైపు ఎందుకు వచ్చాడన్నది ఆయనకి అప్పటిదాకా తెలియదు. ఆ రిక్షాలో పిల్లలు మా వీధి పిల్లలు. "అందుకని మా అరుగు వైపు తిప్పాడు" అని పూర్తి చేశారు.

"సరిగ్గా ఉందాండి?" అని పంతులమ్మ గారు అడిగితే సత్తెమ్మ ఉందంది. "ఇప్పుడు మీ మాట చెప్పండి శెట్టిగారూ."

"నాదేం లేదండి ఇవాళ" అని కూర్చుండిపోయారు నాన్నగారు.

తర్వాతి మీటింగులో ఆయన లేచి, "బజారంతా ఎందుకండీ పడగొట్టడం. ఇరుకున్నది మలుపు దగ్గర. మలుపులో ఉన్నది నా కొట్టు. దాని ముందు భాగం తీస్తే చాలు కదా" అన్నారు. స్కూలు వేళల్లో లారీలు మిల్లుల వెనక గట్టు దారిన వెళ్ళేట్టు పెట్టుకోవచ్చని మిల్లు ఓనరు గారు అన్నారు. అన్నీ కలిపి తీర్మానమైంది, ప్రెసిడెంటు గారు పైకి పంపారు. ఇంజనీరు గారు మళ్ళీ వచ్చి చూసుకుని, ఇలా చేస్తే ఖర్చు కూడా కలిసొస్తుందని ప్లాను మార్చారు. ఈసారి ఆయనకి పెసరట్లు పెట్టారో లేదో నాకు గుర్తులేదు.

మా అమ్మకి మాత్రం ఒళ్ళు మండిపోయింది. అందరి కొట్లూ మిగిలాయి, మాది పోయింది. పంతులమ్మ గారు మా ఇంటికి వస్తే, ఏనాడూ గొంతెత్తని మా అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి కడిగేసింది. "మీకేమండీ, పింఛనొస్తుంది. మా కంచంలో అన్నం తీసి ఊరికి వడ్డించారు. రేపు మా పిల్లలు ఏం తింటారో మీ మీటింగులో ఎవరైనా అడిగారా?"

పంతులమ్మ గారు పీట వాల్చుకుని కూర్చుని అంతా విన్నారు. "మీరన్నది అప్పజెబుతాను, సరిగ్గా ఉందో లేదో చూడండి" అన్నారు. పింఛను దగ్గర్నుంచి కంచం దాకా ఒక్క మాట వదలకుండా, మెత్తబరచకుండా తిరిగి చెప్పారు. తన తిట్లు తనకే వినిపించేసరికి అమ్మ ఏడ్చేసింది. "మీ పిల్లలు ఏం తింటారో మీటింగులో ఎవరూ అడగలేదన్న మాట నిజమేనండి. నేనూ అడగలేదు. అది నా పొరపాటు" అన్నారావిడ. అమ్మ కళ్ళు తుడుచుకుని కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళింది.

ఆ మాట కోసం ఇంకో మీటింగు పెట్టారు. ఊరి కోసం ఒకళ్ళు పోగొట్టుకుంటే ఊరు ఏం చేయాలన్నది ఆ రోజు విషయం. అమ్మ రానంది. అమ్మ మాటని పంతులమ్మ గారు అక్కడ అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పారట. మా కొట్టు వెనకున్న పంచాయతీ ఖాళీ స్థలాన్ని కొద్దిపాటి అద్దెకి మాకివ్వాలని తేల్చారు. ఆ మాట మొదట ఎత్తింది సత్తెమ్మ భర్తట, కర్ర ఆనించుకుని లేచి నిలబడి.

అరుగు తీయడానికి గవర్నమెంటు మనుషులు వచ్చేదాకా నాన్నగారు ఆగలేదు. తనే మనిషిని పెట్టి రాళ్ళు ఊడదీయించారు. కొట్టు వెనక్కి పెరిగింది. నిజం చెప్పాలంటే మునుపటంత బాగా నడవలేదు. లోపలంతా చీకటి, పగలు కూడా లైటు వేయాలి. దారిన పోయేవాళ్ళకి సరుకు కనపడదు. బేరాలు తగ్గాయి, మేము కొన్నేళ్ళు కాస్త తగ్గే బతికాం. అయినా నాన్నగారికి నిద్ర పట్టింది. "ముసలావిడ నా చేత అప్పజెప్పించేసుకుంది" అని గొణుగుతూనే, ఏడాదికోసారి కొత్త బెల్లం రాగానే మొదటి అచ్చు ఆవిడకే పంపేవారు.

ఆ తర్వాత కూడా ఆ కళ్ళం మీద చాలా మీటింగులు జరిగాయి. కొళాయిలు ఏ వీధిలో వేయాలి, కాలవలు కట్టేసే నెలల్లో మంచినీళ్ళు ఎలా పంచుకోవాలి, తుఫాను హెచ్చరిక వస్తే ఏ ఇంటివాళ్ళు ఏ మేడ మీదికి వెళ్ళాలి. అన్నీ తేలలేదు. కొన్నిట్లో జనం పట్టాలు దులుపుకుని లేచిపోయారు. ఆవిడ బెంగపడేవారు కాదు. "ఒప్పుకోమనడం లేదు కదా, వినమంటున్నాను. విన్నాక కూడా పోట్లాడుకుంటే అది మంచి పోట్లాట" అనేవారు. నేనిప్పుడు మా ఆయనతో వాదం వచ్చినప్పుడు, ముందు ఆయనన్నది నా నోటితో ఒకసారి అనుకుంటాను. సగం వాదాలు అక్కడే నీరుగారిపోతాయి. మిగతా సగంలో నేనే గెలుస్తాను. ఇదంతా ఆవిడ పెట్టిన భిక్షే. బతికుండగా ఒక్కసారీ ఆ మాట ఆవిడతో అనలేదు. అంటే "సరేలే, మళ్ళీ అప్పజెప్పు" అనేవారేమో.

మొన్న నేను ఊరు చేరేసరికి ఆవిణ్ణి తీసుకుని బయలుదేరారు. మా ఆడవాళ్ళం కొట్టు ముందు నిలబడ్డాం. సత్తెమ్మ నా భుజం పట్టుకుని ఉంది. మోకాళ్ళ నొప్పులతో నాన్నగారు శ్మశానం దాకా నడవలేరు, లోపల కుర్చీలోనే కూర్చున్నారు. మండపేట వైపు నుంచి వడ్ల లారీ ఒకటి ఎదురొచ్చింది. పాడె పక్కనుంచి పోవడానికి కావలసినంత దారుంది. డ్రైవరు పోలేదు. ఇంజను ఆపి కిందికి దిగాడు.

నాన్నగారు గోడ పట్టుకుని లేచి, చీకటి కొట్లోంచి మెల్లగా బయటికొచ్చి రోడ్డు మీద నిలబడ్డారు. ఒకప్పుడు మా అరుగు ఉన్న చోటది. పాడె దగ్గరికొచ్చాక చేతులు జోడించి, రెండడుగులు వెనక్కి జరిగారు. పంతులమ్మ గారు ఆ చోటు మీదుగా వెళ్ళిపోయారు.